మామిడి వాసన వేసిన నికోటిన్ పిల్లల చేతికి ఎలా చేరింది?

2018లో న్యూయార్క్‌లోని ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్లలను ఒకచోట కూర్చోబెట్టారు. వ్యసనాల గురించి, మానసిక ఆరోగ్యం గురించి బయటి నుంచి వచ్చినవారు మాట్లాడతారన్నారు. మాటలు మొదలయ్యే ముందు ఉపాధ్యాయులను గది బయటకు పంపారు. వచ్చిన వ్యక్తి జూల్ అనే ఈ-సిగరెట్ కంపెనీ తరఫు మనిషి. తమ సరుకు పూర్తిగా సురక్షితమని, ప్రభుత్వ ఆమోదం నేడో రేపో వచ్చేస్తుందని ఆ పిల్లలతో అన్నాడు. నికోటిన్‌కు అలవాటు పడ్డ స్నేహితుడి సంగతి ఒక కుర్రాడు అడిగితే, సిగరెట్ కంటే జూల్ మేలని అతనికి చెప్పమన్నాడు.

2019 జూలైలో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందుకు వచ్చి ఈ సంగతి చెప్పింది ఆ బడి పిల్లలే. అప్పుడు ఆ ఉపసంఘానికి అధ్యక్షుడు భారత సంతతికి చెందిన రాజా కృష్ణమూర్తి. అదే ఏడాది సెప్టెంబరు 9న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ కంపెనీకి పంపిన హెచ్చరిక లేఖలో పిల్లల వాంగ్మూలంలోని ఈ మాటలనే ప్రస్తావించింది.

ప్రకటన అనగానే మనకు రోడ్డు పక్కన హోర్డింగో, టీవీలో అర నిమిషం బొమ్మో గుర్తుకొస్తుంది. ఇక్కడ ప్రకటన పాఠం రూపంలో తరగతి గదిలోకే నడిచి వచ్చింది. వేపింగ్ నుంచి, అంటే ఈ-సిగరెట్ ఆవిరి పీల్చే అలవాటు నుంచి, పిల్లలను కాపాడే చట్టాలన్నీ తడబడేది ఈ చోటే. ప్రకటనను ఒక గుమ్మం దగ్గర ఆపితే అది మరో గుమ్మం నుంచి లోపలికి వస్తుంది. అలా ఎందుకు జరుగుతోందో తెలియాలంటే ముందు ఆ ఈ-సిగరెట్‌లో ఏముందో చూడాలి. ప్రచారం ఎంత తెలివిగా సాగిందో, దాని వెనకనున్న రసాయనశాస్త్రమూ అంతే తెలివైనది. రెండూ కలిసే పనిచేశాయి.

మంట తీసేసిన నికోటిన్

తాత చుట్టను దొంగతనంగా వెలిగించిన కుర్రాడి సంగతి పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఒక్క దమ్ముకే గొంతు మండి, దగ్గు తెర ముంచుకొచ్చి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చాలామంది అక్కడితో మానేస్తారు. ఆ మంటే కాపలా. నికోటిన్ ఎంత ఎక్కువగా ఉంటే గొంతు అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది.

తొలితరం ఈ-సిగరెట్లకూ ఈ చిక్కు ఉండేది. చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో ఆధునిక ఈ-సిగరెట్‌ను రూపొందించాడు. ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. పొగ తాగేవాళ్లు పొగ మానేందుకు ఒక సాధనం కావాలన్నది ఆయన ఆలోచన. పద్ధతి తేలికే. ప్రొపిలిన్ గ్లైకాల్, గ్లిజరిన్ కలిపిన ద్రవంలో నికోటిన్, వాసన కోసం ఫ్లేవర్ వేస్తారు. బ్యాటరీతో వేడెక్కే చిన్న లోహపు తీగచుట్ట ఆ ద్రవాన్ని ఆవిరిగా మారుస్తుంది, దాన్ని పీలుస్తారు. అయితే ఆ ద్రవంలో నికోటిన్ పెంచితే గొంతు మండేది. తగ్గిస్తే సిగరెట్ తాగేవాడికి ఆనేది కాదు.

2015లో బజారుకొచ్చిన జూల్ ఈ ముడి విప్పింది. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మార్చింది. దాంతో ఆవిరి గొంతును గీరకుండా జారిపోతుంది, నికోటిన్ మాత్రం పెద్ద మోతాదులో లోపలికి వెళుతుంది. జూల్ పాడ్ అంటే 0.7 మిల్లీలీటర్లు పట్టే చిన్న డొల్ల. అందులో బరువులో 5 శాతం నికోటిన్, అంటే మిల్లీలీటరుకు దాదాపు 59 మిల్లీగ్రాములు. ఒక పాడ్ ఒక సిగరెట్ పెట్టెకు సమానమని కంపెనీయే చెప్పుకొంది. అదే సమయంలో యూరోపియన్ యూనియన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని గీత గీసింది. అమెరికాలో అలాంటి గీత లేదు.

సిగరెట్‌కు మరో కాపలా కూడా ఉంది. అది అయిపోతుంది. పది పన్నెండు దమ్ములకు పీక మిగులుతుంది, ఇంకొకటి కావాలంటే మళ్లీ పెట్టె తీయాలి, అగ్గిపుల్ల వెతకాలి, నలుగురి కంటపడకుండా బయటకు వెళ్లాలి. బట్టలకు, వేళ్లకు వాసన పట్టి ఇంట్లో దొరికిపోతారు. వేప్‌కు ఇవేవీ లేవు. దుప్పటి కింద పీల్చవచ్చు, బాత్రూములో పీల్చవచ్చు, తరగతి గదిలో చొక్కా చేతి మడతలో దాచి పీల్చవచ్చు. ఆవిరి క్షణాల్లో విడిపోతుంది. మిగిలేది మామిడిపండు వాసనో, పుదీనా వాసనో. జూల్ పరికరం చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉండేది, కంప్యూటర్‌కు గుచ్చి చార్జింగ్ పెట్టుకునేవారు. బిడ్డ బడిసంచి సర్దుతూ దాన్ని చేతిలోకి తీసుకున్న తల్లి, హోంవర్క్ ఉందేమో అనుకుని జాగ్రత్తగా మళ్లీ అదే అరలో పెట్టేసే వస్తువు అది.

లోపల ఏం జరుగుతుంది?

నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరి హాయి కలిగించే డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. మెదడు దాదాపు 25 ఏళ్ల వరకూ ఎదుగుతూనే ఉంటుంది. తొందరపాటును అదుపు చేసే ముందుభాగం అన్నిటికన్నా ఆఖరున పక్వానికి వస్తుంది. ఆ వయసులో నికోటిన్ తగిలితే ఏకాగ్రత, నేర్చుకునే శక్తి, మనసును నిలుపుకునే శక్తి దెబ్బతింటాయి, వ్యసనం పెద్దవాళ్లకంటే త్వరగా బిగుసుకుంటుంది.

తల్లిదండ్రులు బాగా గమనించవలసిన సంగతి ఒకటుంది. నికోటిన్ అందనప్పుడు చిరాకు, నిద్రలేమి, పుస్తకం మీద మనసు నిలవకపోవడం మొదలవుతాయి. పరీక్షల ఒత్తిడి లక్షణాలూ ఇవే. ఒక దమ్ము పీల్చగానే అవి తగ్గుతాయి. దాంతో వేప్ వల్లే తాను ప్రశాంతంగా చదువుతున్నానని ఆ బిడ్డ నిజంగా నమ్ముతాడు. తెచ్చిపెట్టిన రోగాన్నే తాత్కాలికంగా తగ్గించి మందుగా పేరు తెచ్చుకోవడం నికోటిన్ స్వభావం. అబద్ధమాడుతున్నాడని బిడ్డను తిట్టి లాభం లేదు. అతనికి అనుభవంలో కనిపిస్తున్నది అదే.

గుండె సంగతి. నికోటిన్ అడ్రినలిన్‌ను పెంచుతుంది, గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఊపిరితిత్తుల సంగతి మరికొంత చిక్కైనది. ద్రవం బాగా వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ వంటి విషాలు పుడతాయి. తీగచుట్ట నుంచి నికెల్, క్రోమియం, సీసం రేణువులు ఆవిరిలో కలిసినట్టు పరీక్షల్లో తేలింది. అతి సూక్ష్మమైన ఈ కణాలు ఊపిరితిత్తుల అడుగు గదుల దాకా వెళతాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం రేగుతుంది.

ఫ్లేవర్ల గురించి వినిపించే సమర్థన ఒకటే. అవి మిఠాయిల్లో వేసేవే కదా, తింటే ఏమీ కానిది పీలిస్తే ఏమవుతుంది అంటారు. దీనికి 2000లోనే జవాబు దొరికింది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఎనిమిది మందిలో చిన్న శ్వాసనాళాలు మచ్చలు కట్టి మూసుకుపోయే అరుదైన జబ్బు బయటపడింది. పాప్‌కార్న్‌కు వెన్న వాసన తెచ్చే డయాసిటిల్ అనే పదార్థపు ఆవిరిని రోజూ పీల్చడమే కారణమని తేలింది. అదే డయాసిటిల్‌తో చేసిన పాప్‌కార్న్ తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. కడుపులో ఆమ్లం ఉంది, వెనక కాలేయం ఉంది. ఊపిరితిత్తికి పలుచని పొర తప్ప మరో అడ్డు లేదు. 2015లో హార్వర్డ్ పరిశోధకులు 51 ఫ్లేవర్ ఈ-సిగరెట్లను పరీక్షిస్తే 39 వాటిలో డయాసిటిల్ కనిపించింది. వేప్ పీల్చే ప్రతివారికీ ఆ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. తినడానికి ఇచ్చిన అనుమతిని పీల్చడానికి ఇచ్చిన అనుమతిగా చూపడం మోసమన్నదే ఇక్కడ అసలు మాట.

పిల్లలను భయపెట్టి ఆపుదామన్న తొందరలో పెద్దలు ఒక పొరపాటు చేస్తుంటారు. 2019లో అమెరికాలో వేప్ పీల్చినవాళ్లు ఊపిరాడక ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. ఈ అంకెలు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. అయితే ఆ విపత్తుకు ప్రధాన కారణం గంజాయి సారం ఉన్న దొంగ సరుకులో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనె. మామూలు నికోటిన్ వేప్‌కు అంటగట్టి దాన్ని చెబితే, నిజం తెలిసిన రోజున పిల్లలు మిగతా మాటలనూ నమ్మరు. నికోటిన్ వేప్ హాని మెల్లగా, కనిపించకుండా పెరుగుతుంది. దాన్ని అలాగే చెప్పాలి.

మరో నిజాన్ని కూడా దాచకూడదు. సిగరెట్ పూర్తిగా మానేసి వేప్‌కు మారిన వ్యక్తి శరీరంలోకి చాలా విషాలు తక్కువగా చేరతాయని అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల 2018 నివేదిక తేల్చింది. బ్రిటన్‌లో పొగ మానాలనుకునే పెద్దలకు వైద్యసేవలే దీన్ని సూచిస్తాయి. అదే అకాడమీల నివేదిక ఇంకో మాటా చెప్పింది. వేప్ మొదలుపెట్టిన యువత ఆ తర్వాత మామూలు సిగరెట్ ముట్టే అవకాశం పెరుగుతుందనడానికి గట్టి ఆధారాలున్నాయని. మొదటి మాటను పోస్టరుకెక్కించి రెండోదాన్ని వదిలేయడమే ఈ వ్యాపార ప్రచారం. యాభై ఏళ్ల పొగరాయుడికి వేప్‌ను సిగరెట్‌తో పోల్చి చూపవచ్చు. పదిహేనేళ్ల పిల్లకు పోల్చవలసింది మామూలు గాలితో. సిగరెట్ ముఖమే ఎరుగని బిడ్డకు అది సిగరెట్ కంటే మేలని చెప్పడంలో అర్థమే లేదు.

హోర్డింగ్ నుంచి ఫోనులోకి

అమెరికాలో టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు 1971 జనవరి 2 నుంచి ఆగిపోయాయి. 1998లో రాష్ట్రాలకూ పొగాకు కంపెనీలకూ కుదిరిన ఒప్పందంతో సిగరెట్లకు హోర్డింగులు, కార్టూన్ బొమ్మలు కూడా పోయాయి. క్యామెల్ సిగరెట్ల ప్రకటనల్లోని కార్టూన్ ఒంటెను పిల్లలు మిక్కీ మౌస్ అంత తేలిగ్గా గుర్తుపడుతున్నారన్న గొడవ ఏళ్ల తరబడి నడిచాక వచ్చిన ఫలితం అది. ఈ-సిగరెట్ వచ్చేసరికి ఆ పాఠమంతా గాలికి పోయింది. ఇందులో పొగాకు ఆకు లేదు కాబట్టి పాత చట్టం వర్తించలేదు. 2016 ఆగస్టు దాకా ఎఫ్‌డీఏకు వీటిమీద అధికారమే లేదు. ఆ ఖాళీలో ప్రకటనల ఖర్చు 2011లో 64 లక్షల డాలర్ల నుంచి 2014లో 11.5 కోట్ల డాలర్లకు ఎగబాకింది. 2014లో అమెరికా బడిపిల్లల్లో దాదాపు 69 శాతం, అంటే 1.83 కోట్ల మంది ఈ ప్రకటనలు చూశారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్కగట్టింది.

2015 జూన్‌లో జూల్ ఆ రంగంలోకి దిగింది. న్యూయార్క్ నగరంలోని టైమ్స్ స్క్వేర్ కూడలిలో నిలువెత్తు తెరల మీద కొట్టొచ్చే రంగుల మధ్య ఇరవైల్లో ఉన్న అమ్మాయిలు, అబ్బాయిలు గెంతుతూ, నవ్వుతూ, చేతిలో ఆ చిన్న పరికరంతో కనిపించారు. పొగ మానడానికి తంటాలు పడుతున్న నలభై ఏళ్ల మనిషి ఆ బొమ్మల్లో ఎక్కడా లేడు. కంపెనీ వ్యవస్థాపకులు ఆడమ్ బోవెన్, జేమ్స్ మోన్సీస్ స్టాన్‌ఫర్డ్‌లో డిజైన్ చదివినవారు. పొగ తాగేవాళ్ల కోసమే ఇది చేశామని వారెప్పుడూ అంటుండేవారు. పొగ తాగేవాళ్ల కోసమైతే ఆ బొమ్మలు ఎవరిని పిలుస్తున్నాయన్న ప్రశ్నకు తగిన జవాబు రాలేదు. నికెలోడియన్, కార్టూన్ నెట్‌వర్క్ వంటి పిల్లల వెబ్‌సైట్లలో కంపెనీ ప్రకటన స్థలం కొన్నదని మసాచుసెట్స్ రాష్ట్రం 2020లో వేసిన దావాలో ఆరోపించింది.

టైమ్స్ స్క్వేర్ తెరలు కొన్ని నెలలే వెలిగాయి. అసలు మంట ఇన్‌స్టాగ్రామ్‌లో అంటుకుంది. కంపెనీ కొన్నాళ్లు తానే ఫోటోలు పెట్టింది, యువతలో పేరున్న వాళ్లచేత చెప్పించింది. తర్వాత ఆ అవసరమే లేకపోయింది. పిల్లలే తరగతిలో పీల్చే వీడియోలు, ఆవిరి వలయాలు, హాస్యపు బొమ్మలు పెట్టడం మొదలుపెట్టారు. 2018 నవంబరులో ఒత్తిడికి తలొగ్గి కంపెనీ తన ఇన్‌స్టాగ్రామ్ ఖాతా మూసేసింది. హ్యాష్‌ట్యాగ్ మాత్రం ఆగలేదు. ఊరేగింపు మొదలయ్యాక డప్పు కొట్టేవాడు ఇంటికెళ్లిపోయినా జనం నడుస్తూనే ఉన్నట్టయింది.

అంకెలు చూస్తే గుండె బరువెక్కుతుంది. అమెరికా ఉన్నత పాఠశాల విద్యార్థుల్లో ఈ-సిగరెట్ వాడుతున్నవారు 2011లో 1.5 శాతం. 2017లో 11.7, 2018లో 20.8, 2019లో 27.5 శాతం. ఆ ఏడాది మాధ్యమిక పాఠశాల పిల్లలను కూడా కలిపితే 50 లక్షలు దాటారు. దేశ ప్రధాన వైద్యాధికారి జెరోమ్ ఆడమ్స్ 2018 డిసెంబరులోనే దీన్ని మహమ్మారి అన్నాడు. అదే నెలలో మార్ల్‌బోరో సిగరెట్లు అమ్మే ఆల్ట్రియా కంపెనీ జూల్‌లో 35 శాతం వాటాకు 1,280 కోట్ల డాలర్లు పోసింది. సిగరెట్లను అంతం చేస్తామన్న కంపెనీ సిగరెట్ కంపెనీ డబ్బు తీసుకుంది. 2023 మార్చిలో ఆల్ట్రియా ఆ వాటాను వదిలించుకునే నాటికి దాని విలువ దాదాపు 25 కోట్ల డాలర్లకు పడిపోయింది.

ఆ పతనానికి ఒక ముఖ్య కారణం దావాలు. 2022 సెప్టెంబరులో ముప్పైకి పైగా రాష్ట్రాలతో 43.85 కోట్ల డాలర్లకు, 2023 ఏప్రిల్‌లో న్యూయార్క్, కాలిఫోర్నియాతో సహా మరో ఆరు రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్‌తో 46.2 కోట్ల డాలర్లకు జూల్ రాజీ కుదుర్చుకుంది. డబ్బు సంగతి అలా ఉంచితే, 2022 ఒప్పందంలో ఒప్పుకున్న షరతులు యువతకు చేరే ప్రకటనలను ఎక్కడెక్కడ ఆపాలో చూపించే మంచి పటం. ప్రకటనల్లో 35 ఏళ్లలోపు మనిషి కనబడకూడదు. కార్టూన్లు ఉండకూడదు. హోర్డింగులు, బస్సులు, రైళ్ల మీద బొమ్మలు ఉండకూడదు. డబ్బిచ్చి సినిమాల్లో, కార్యక్రమాల్లో పరికరాన్ని చూపించకూడదు. సొమ్ము తీసుకుని పొగిడే ఇన్‌ఫ్లుయెన్సర్లు ఉండకూడదు. ఉచిత నమూనాలు పంచకూడదు. బడుల్లో కార్యక్రమాలకు నిధులు ఇవ్వకూడదు. చూసేవారిలో 85 శాతం పెద్దవాళ్లయితే తప్ప ఏ మాధ్యమంలోనూ ప్రకటన వేయకూడదు. ఇందులో ప్రతి షరతు వెనకా ఎక్కడో జరిగిన ఒక తప్పు ఉంది. బడి కార్యక్రమాల షరతు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు.

వస్తువే ప్రకటన అయినప్పుడు

ఇంత చేశాక కూడా ఒక సందు మిగిలింది. 2020 జనవరిలో ఎఫ్‌డీఏ పండ్ల వాసన, పుదీనా వాసన ఉన్న పాడ్‌లను ఆపేసింది. వాడి పారేసే ఒక్కసారి వేప్‌లను ఆ నియమం నుంచి మినహాయించింది. నెలలు తిరగకుండానే పఫ్ బార్, ఆ తర్వాత ఎల్ఫ్ బార్ వంటి చైనా సరుకు పిల్లల సంచుల్లోకి చేరింది. వాటికి టైమ్స్ స్క్వేర్ తెరలు అక్కరలేదు. పెట్టె మీద పుచ్చకాయ ముక్క, గమ్మీ ఎలుగుబంటి రంగులు, ఒక చిన్న తెర మీద మెరిసే బొమ్మలు, చివరికి ఆటలు. ఆ వస్తువును అలమారలో పెడితే చాలు, అదే ప్రకటన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పిన లెక్క ప్రకారం బజారులో కనీసం 16,000 ఫ్లేవర్లున్నాయి. 2024లో అమెరికా బడిపిల్లల్లో వేప్ వాడేవారిలో 87.6 శాతం ఫ్లేవర్ ఉన్నవే వాడుతున్నారు. అందువల్ల ఫ్లేవర్‌ను వదిలేసి ప్రకటనను మాత్రమే నిషేధించడం తలుపు మూసి కిటికీ తీసి ఉంచడమే.

ఈ సంగతి కొన్ని ప్రభుత్వాలకు అర్థమైంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో, కార్టూన్లు, మిఠాయిలు, పండ్లరసాలు, ప్రముఖుల బొమ్మలతో ఉండే వేప్ పెట్టెలు 2024 జనవరి నుంచి నేరం కిందికి వచ్చాయి. పెద్దలు పొగ మానడానికి వేప్‌ను సూచించే బ్రిటన్ కూడా 2025 జూన్ 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2024 జూలై నుంచి ఇవి మందుల షాపుల్లో తప్ప దొరకవు. వీటిలో ఆస్ట్రేలియా దారి కఠినమైనదే అయినా దానిలో ఒక నిజాయితీ ఉంది. పొగ మానడానికి సాధనం అన్నప్పుడు అది మందుల షాపులో ఉండాలి గానీ చాక్లెట్ల పక్కన ఎందుకుండాలి?

అమెరికాలో అంకెలు దిగివచ్చాయి. 2024లో వేప్ వాడే బడిపిల్లల సంఖ్య 16.3 లక్షలు. ఐదేళ్లలో మూడో వంతు కంటే తక్కువకు వచ్చింది. కోవిడ్ కాలంలో బడులు మూతపడటం, 2019 చివర్లో కొనుగోలు వయసును 21కి పెంచడం, దావాలు, ప్రచార నియంత్రణ, వీటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. అయినా పిల్లల అలవాటు విధి రాత కాదని, పెద్దలు తలచుకుంటే తగ్గించగలరని ఈ తగ్గుదల చూపిస్తోంది.

నిషేధం ఉన్న మన దగ్గర

భారత్ నేరుగా ఆఖరి మెట్టు ఎక్కింది. భారత వైద్య పరిశోధన మండలి 2019 మేలో పూర్తి నిషేధం సూచించింది. సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం ఆర్డినెన్సుకు ఆమోదం తెలిపింది, నిర్మలా సీతారామన్ ఆ నిర్ణయాన్ని విలేకరులకు చెప్పారు. డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. నిల్వకు మాత్రం ఆరు నెలల దాకా జైలు లేదా యాభై వేల దాకా జరిమానా లేదా రెండూ. సొంతంగా వాడటం మాత్రం శిక్ష కిందికి రాదు. అది మంచి నిర్ణయం. అలవాటు పడ్డ బిడ్డను నేరస్తుడిని చేస్తే ఆ బిడ్డ డాక్టరు దగ్గరికి కూడా రాడు.

సిగరెట్, బీడీ, ఖైనీ యథేచ్ఛగా అమ్ముతూ వేప్ ఒక్కదాన్నే ఆపడం ఏమిటని కొందరు అడుగుతారు. గుంటూరులో పొగాకు బోర్డు, రాజమహేంద్రవరంలో పొగాకు పరిశోధన కోసం పెట్టిన సంస్థ ఉన్న రాష్ట్రంలో ఈ ప్రశ్న మరీ పదునుగా వినిపిస్తుంది. అది న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం వేప్‌ను వదిలేయడం కాకూడదు. ఉన్న మంటలు ఆరలేదని కొత్త మంట పెట్టుకోలేం కదా.

ఈ చట్టంలో ప్రకటనకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. కాంతి, శబ్దం, పొగ, వాయువు, అచ్చు, ఇంటర్నెట్, సోషల్ మీడియా, చివరికి లేబులు, చుట్టిన కాగితం, బిల్లు దాకా అన్నీ అందులో ఉన్నాయి. ఇంత పదునైన నిర్వచనం ఉండి కూడా నగరాల్లో కిళ్లీ కొట్టు బల్ల కింద, ఫోనులో రహస్య గుంపుల్లో సరుకు చేతులు మారుతూనే ఉంది. పోలీసులు కొట్టు మీద దాడిచేసి పెట్టెలు స్వాధీనం చేసుకున్న వార్తలు తరచు వస్తాయి. ఆ కొట్టు పేరు పిల్లలకు చేరవేసిన పోస్టు మీద కేసు పెట్టిన వార్తలు అరుదు. పైగా విదేశాల్లో చట్టబద్ధంగా తీసిన వేప్ వీడియోకు హైదరాబాద్‌లో ఉన్న ఫోనులోకి రావడానికి ఏ సరిహద్దూ లేదు. వేదికలను నడిపే కంపెనీలను బాధ్యులను చేయకుండా కొట్టువాడిని మాత్రమే పట్టుకుంటే చట్టం సగమే నడిచినట్టు.

వ్యాపార ప్రకటన లేకపోయినా అలవాటు ఎలా పాకుతుందో ఉత్తరాంధ్రకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో పేద స్త్రీలు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు తరాలపాటు సాగింది. దానికి ఏ కంపెనీ హోర్డింగ్ పెట్టలేదు. అమ్మను, అత్తను చూసి పిల్లలు నేర్చుకున్నారు. అంగిలి మీద తెల్ల మచ్చలు, పుళ్లు, ఆపై అంగిలి క్యాన్సర్ వరకూ అది ఎలా నడిపించిందో దంతవైద్యులు, పరిశోధకులు గ్రామాలు తిరిగి నమోదు చేశారు. తోటివాళ్లను చూసి నేర్చుకునే బలం ఎంతటిదో జూల్ కంపెనీ ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపెట్టడానికి ముందే ఈ ఊళ్లకు తెలుసు. తేడా ఒక్కటే. అడ్డపొగ పక్కింటి దాకా పాకడానికి తరం పట్టేది. ఫోనులోని వీడియోకు ఒక సాయంత్రం చాలు.

ఇక నిషేధం వల్ల మనకు వచ్చిపడ్డ చిక్కు ఒకటి ఎవరి దృష్టికీ రావడం లేదు. మన దేశంలో సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మ పక్కన ఈరోజే మానండి అన్న మాటతో పాటు 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరు అచ్చువేయడం 2018 నుంచి తప్పనిసరి. పొగాకు మానాలనుకునేవారికి అక్కడి సలహాదారులు మాట్లాడి దారి చూపుతారు. దొంగచాటుగా వచ్చిన వేప్ పెట్టె మీద ఆ నంబరు ఉండదు. నికోటిన్ మోతాదు కూడా నమ్మదగ్గట్టు రాసి ఉండదు. ఇంటర్ చదివే కుర్రాడికి మానాలన్న కోరిక పుట్టిన రాత్రి అతని చేతిలో ఉన్న డబ్బా మీద కనిపించేది మామిడిపండు బొమ్మ ఒక్కటే. ఆ నంబరు అతనికి బడి గోడ మీద, కళాశాల నోటీసు బోర్డు మీద, వేప్ వీడియోలు చూపించే ఆ ఫోను తెర మీదే కనబడాలి. ఇందుకు కొత్త చట్టం ఏదీ అవసరం లేదు.